నూనె నాది, కూలి నీది

బేరమాడి కారు షాకబ్జర్ల బిల్లులోంచి నూనెనే ఎగరగొట్టిన మొనగాణ్ణి నేను. ధర తగ్గించుకునేవాళ్ళు ఊరినిండా ఉంటారు. సరుకునే బిల్లులోంచి తీసేయించేవాడు మాత్రం ఆళ్లగడ్డ మొత్తానికి నేనొక్కణ్ణే అని అప్పట్లో నా నమ్మకం. అడిగినవాళ్ళకూ చెప్పాను, అడగనివాళ్ళకూ చెప్పాను. ఒకాయన గుండెనొప్పితో ఆసుపత్రి వరండాలో కూర్చుని ఉంటే ఆయనకు కూడా చెప్పాను.

నేను పెరిగింది కొట్లవాళ్ళ మధ్య. మా వీధిలో పిల్లలకు ఎక్కాల కంటే ముందు ఒక సూత్రం నేర్పేవాళ్ళు: సరుకూ కూలీ ఒకే చేతిలో పెట్టకూడదు. గుడ్డ ఒకచోట కొనాలి, కుట్టుకూలి ఇంకొకచోట ఇవ్వాలి, మిగిలిన ముక్క అడిగి తెచ్చుకోవాలి. వేరుశనగలు మనవి, గానుగాడించే కూలి వాళ్ళది, నూనె తీయగా మిగిలిన పిండి మళ్ళీ మనది. మురుకులు చేసే ఆమెకు పిండీ నూనే మనమే ఇచ్చి, మూకుడులో మిగిలిన నూనెను వడగట్టి వెనక్కి తీసుకోవాలి. రెండూ వాళ్ళకే వదిలేస్తే రెండిట్లోనూ కోస్తారు. దీన్ని మా నాయన బోధించలేదు, చేసి చూపించాడు. నేను చూసి నేర్చుకున్నాను. గుడ్డకూ గానుగకూ పనికొచ్చిన సూత్రం కారుకు ఎందుకు పనికిరాదని నాకెవరూ చెప్పలేదు. అది అబద్ధం. ఒకాయన మూడుసార్లు చెప్పాడు. అక్కడికే వస్తున్నాను.

పోయిన మే నెలలో నా పాత కారు వెనకభాగం, స్పీడ్ బ్రేకర్ దాటాక కూడా నాలుగైదుసార్లు ఊగేది, పడవలాగా. వెనక షాకబ్జర్లు పోయాయన్నారు. చక్రం దగ్గర నిలువుగా ఉండే గొట్టం అది. లోపల నూనె ఉంటుంది, ఆ నూనెలో ఒక కడ్డీ పైకీ కిందికీ ఆడుతుంది. స్ప్రింగు ఎగరకుండా పట్టి ఉంచేది ఆ నూనే. కొత్తవి జత నాలుగు వేల దాకా చెప్పారు. నేను కొత్తవి కొనే మనిషినా? నంద్యాలలో పాత షాకబ్జర్లు విప్పి, లోపలి వాషర్లు, సీళ్ళు మార్చి, కొత్త నూనె పోసి మళ్ళీ మూసి ఇచ్చే భాయ్ ఒకాయన ఉన్నాడని విని ఆయన రేకుల షెడ్డుకు పోయాను.

తొమ్మిది వందలన్నాడు. విడదీసి చెప్పమన్నాను. బేరంలో మొదటి మెట్టు విడదీయించడమే. కూలి, సీళ్ళు కలిపి ఆరు వందల అరవై, నూనె రెండు వందల నలభై. ఆ మాట వినగానే నా లోపల మా వీధి మొత్తం లేచి నిలబడింది. నా డిక్కీలో నూనె డబ్బా ఉంది. చాగలమర్రిలో ట్రాక్టరు సామాన్ల కొట్టొకటి మూసేస్తుంటే మూడు లీటరు డబ్బాలు అయిదు వందల నలభైకి పట్టుకొచ్చాను. ట్రాక్టరు గేర్లకు పోసే నూనె. నాకు ట్రాక్టరు లేదు. నా పైపుల కొట్టు షట్టరు జారడానికి వాడుకుంటున్నాను.

"నూనె నాది, కూలి నీది," అన్నాను.

భాయ్ డబ్బా మూత తీసి, చుక్క వేలి మీద వేసుకుని, బొటనవేలితో రుద్ది చూశాడు. "అన్నా, ఇది శానా చిక్కన. దీనికి పనికిరాదు," అన్నాడు. నేను నవ్వాను. ఆయన మళ్ళీ చెప్పాడు, షాకబ్జరుకు నీళ్ళ మాదిరి నూనె కావాలని. మళ్ళీ నవ్వాను. మూడోసారి, "ఎండకు బాగుంటాది. చలికి బండి బిగుసుకుంటాది. తర్వాత నన్ననొద్దు," అన్నాడు.

"నీ నూనె అమ్ముడుపోవాలంటే నువ్వు అదే చెప్తావులే భాయ్," అన్నాను.

ఆయన నా డబ్బా తీసుకుని పనిలోకి దిగాడు. ఆ రోజు నంద్యాలలో రేకు ముట్టుకుంటే చెయ్యి అంటుకుపోయేంత ఎండ. నా నూనె నీళ్ళలాగే కారింది. చూశావా అన్నట్టు ఆయన వైపు చూశాను. ఆయన నా నూనె ఎక్కడ నొక్కేస్తాడోనని రెండు గంటలు అక్కడే నిలబడి కాపలా కాశాను కూడా. తీరా పని అయ్యాక ఆరు వందల అరవై చేతిలో పెట్టిన సంబరంలో, డబ్బాలో మిగిలిన పావు వంతు నూనెను అక్కడే మరచిపోయి వచ్చాను. కారు మాత్రం ఊగడం మానేసింది. వెనక కూర్చున్నవాళ్ళు కొంచెం గట్టిగా ఉందన్నారు. గట్టిగా ఉంటే మంచిదేగా అన్నాను. మా కొట్లో గట్టిగా ఉన్న పైపుకే ధర ఎక్కువ.

డిసెంబరులో మా అక్క నడుము పట్టేసింది.

అక్క ఆళ్లగడ్డలోనే టీచరు. బావ ఉద్యోగం బళ్ళారి వైపు, వారానికొకసారి వస్తాడు. నడుములో డిస్క్ జరిగి నరాన్ని ఒత్తుతోందనీ, ఎడమకాలి బొటనవేలు మొద్దుబారుతోందనీ నంద్యాల డాక్టరు చెప్పాడు. నలభై రోజులు ఫిజియోథెరపీ చేయించుకుంటే ఆపరేషన్ తప్పవచ్చు. తగ్గకపోతే, వేలి మొద్దు పైకి పాకితే, కొయ్యక తప్పదు. బస్సు ఎక్కకూడదు, కుదుపు తగలకూడదు. బడి వేళకు తిరిగి రావాలి కాబట్టి పొద్దున ఏడు గంటలకే చికిత్స. అంటే చీకటి విడవకముందే ఆళ్లగడ్డలో బయల్దేరాలి.

అక్క ఎదురింటివాళ్ళ కొత్త కారు బాడుగకు మాట్లాడుకుంటానంది. నేనే అడ్డుపడ్డాను. తమ్ముడి కారు ఇంట్లో పెట్టుకుని పరాయివాళ్ళకు దుడ్లు పోస్తావా అని నలుగురిలో అరిచాను. పెట్రోలుకు కూడా తీసుకోనన్నాను. ఉచితంగా ఇచ్చిన సరుకుకు వాపసు ఉండదు, ఫిర్యాదు ఉండదు. కొట్లో పుట్టినవాడికి ఇది తెలియాలి. అక్కకు తెలుసు. అందుకే మొదటి వారం ఒక్క మాట కూడా అనలేదు.

ఆమె వెనక సీట్లో ఒక పక్కకు ఒరిగి, ఎడమకాలు చాపుకుని కూర్చునేది. నేను ముందు మఫ్లర్ చుట్టుకుని, అద్దాలు బిగించి నడిపేవాణ్ణి. శిరివెళ్ల దాటేదాకా పొలాల మీద మంచు. రోడ్డు మీద ప్రతి అతుకూ వెనక నుంచి ఠక్కుమని వినిపించేది. పాత బండి, శబ్దం చేయకపోతే ఎట్లా అనుకునేవాణ్ణి. నాకు ముందు సీట్లో ఏమీ తెలియలేదు. ముందు షాకబ్జర్లు కంపెనీవి. వాటి నూనె జోలికి నేను పోలేదు.

ఎనిమిదో రోజు అక్క నోరు విప్పింది. పోయేటప్పుడు వెన్ను మీద ఎవరో గుద్దుతున్నట్టుందనీ, వచ్చేటప్పుడు అంత లేదనీ చెప్పింది. ఫిజియోథెరపీ అబ్బాయి సంతోషపడ్డాడు. చికిత్స పనిచేస్తోంది మేడం, అందుకే వెళ్ళేటప్పుడు నొప్పి, వచ్చేటప్పుడు హాయి అన్నాడు. నాకు ఆ మాట ఎంత నచ్చిందో! దానికి పైసా ఖర్చు లేదు.

అయినా అక్క ముఖం చూడలేక కారు చూపించాను. టైర్ల కొట్టతను చక్రాల అమరిక తప్పిందని ఏడు వందల యాభై తీసుకుని యంత్రం మీద ఎక్కించి దించాడు. ఏమీ మారలేదు. సీట్లు కుట్టే అతను ఆరు వందల యాభైకి మెత్తటి స్పాంజి దిండు ఇచ్చాడు. దాని మీద కూర్చుంటే అక్క తల పైకప్పుకు తగిలింది. ఆళ్లగడ్డ మెకానిక్ రెండుసార్లు కారు నడిపి చూసి ఏమీ లేదన్నాడు. పదకొండు గంటలకు షెడ్డు తెరిచే మనిషి. ఎండలో రెండు గంటలు నిలబడ్డ కారును, ముందు సీట్లో కూర్చుని నడిపి, వెనక కూర్చున్న మనిషి వెన్నుకు తెల్లవారుజామున ఏమవుతోందో తేల్చేశాడు! డిక్కీ మీద చేతులు ఆనించి నొక్కాడు, కారు మెత్తగా దిగి మెత్తగా లేచింది. "షాకులు బంగారం మాదిరి ఉండాయప్పా," అన్నాడు. తర్వాత ఊరికే పంపడం బాగుండదనుకున్నాడేమో, వెనక ఇరుసు దగ్గర రబ్బరు బుష్‌లు గట్టిపడ్డాయని, మార్చాలని ఇరవై ఆరు వందలు చెప్పాడు. నేను ఇరవై మూడుకు దించాను. దించిన సంతోషంలో, ఆ రబ్బర్లకూ ఈ కుదుపుకూ సంబంధం ఉందా అని అడగడం మరిచాను. మర్నాడు పొద్దున అదే గుద్దు.

ఇప్పుడు రాస్తున్నా ఒళ్ళు మండుతోంది. ఆ మెకానిక్ మీద, ఆ అమరిక యంత్రం మీద, పళ్ళన్నీ కనపడేలా నవ్విన ఆ ఫిజియోథెరపీ అబ్బాయి మీద. వాళ్ళలో ఒక్కడు పొద్దున ఆరు గంటలకు వచ్చి ఆ వెనక సీట్లో కూర్చోలేదు. నేనూ కూర్చోలేదు. కూర్చోవడానికి ఎవరికీ దుడ్లు ఇవ్వక్కర్లేదు.

కూర్చోకపోగా నేను చేసింది ఇంకొకటి ఉంది. నొప్పి పదికి ఎంతో రోజూ చెప్పమని డాక్టరు అక్కకు ఒక కార్డు ఇచ్చాడు. ఆసుపత్రి దగ్గర కారు దిగేముందు నేనే అడిగి దాంట్లో వేసేవాణ్ణి. ఆమె తొమ్మిది అనేది. నిన్న కూడా తొమ్మిదేగా, నిన్నటికంటే ఒక పిసరు తక్కువ లేదా అనేవాణ్ణి. ఆమె మాట్లాడకపోతే ఎనిమిది వేసేవాణ్ణి. ఒకరోజు ఏడుకు కూడా దించాను. నొప్పి తగ్గుతోందని కార్డు మీద ఉంటే డాక్టరు ఆపరేషన్ మాట ఎత్తడని నా తెలివి. నిజంగా అక్క మంచికే అనుకున్నాను.

పదిహేడో రోజు, శనివారం, ఆమె నా చేతిలోంచి కార్డు లాక్కుంది.

"రేయ్, నేనేమన్నా నీ కొట్టుకొచ్చిన గిరాకీనా? నేను తొమ్మిదంటే నువ్వు ఏడంటాండావ్. నా నడుంనొప్పికి గూడా బేరమేనా?"

నేను ఏదో సర్దబోయాను. ఆమె వినలేదు.

"మొద్దు మడమ దాకా వచ్చినాది. నీకు చెప్తే దాన్ని గూడా వేలి దాకా దించుతావని చెప్పలే. సోమవారం నుంచి నేను రాను. నడుం కోపిచ్చుకుంటా. మంచం మీద పండుకుంటే కుదుపన్నా ఉండదు."

చికిత్స అయ్యాక ఆళ్లగడ్డకు తిరిగి వచ్చాం. ఆమె ఇంటి ముందు దిగి, తలుపు వేయకుండానే లోపలికి పోయింది. వేయాలంటే వంగాలి, వంగలేదు. నేను దిగి తలుపు వేశాను. నలభై రోజుల్లో పదిహేడు అయిపోయాయి. తగ్గకపోగా మొద్దు పైకి పాకింది. ఆమెను ఆపరేషన్ బల్ల దగ్గరికి నేనే, ఉచితంగా, రోజుకు ఎనభై కిలోమీటర్లు మోసుకుపోతున్నాను.

ఆదివారం పొద్దున బతిమాలుకుందామని పోయాను. అక్క మెట్ల దగ్గర ఎండలో నిలబడి ఉంది. తలస్నానానికి ముందు రాసుకోవాలని కొబ్బరినూనె సీసాను పిట్టగోడ మీద పెట్టింది. చలికాలం అందరిళ్ళలోనూ జరిగేదే. రాత్రికి నూనె తెల్లగా పేరుకుపోతుంది, పొద్దున ఎండలో పెడితేగానీ సీసాలోంచి రాదు. నేను బాడుగ కారు నేనే మాట్లాడతానని, బాడుగ నేనే కడతానని గొణుగుతున్నాను. ఆమె నా వైపు చూడలేదు. సీసా తలకిందులు చేసి, పేరుకున్న గడ్డ గాజు మీద మెల్లగా జారడం చూస్తోంది.

"పోయేటప్పుడు గట్టిగా, వచ్చేటప్పుడు మెత్తగా," అంది తనలో తాను. తర్వాత నా వైపు తిరిగింది. "అబ్బీ, నీ బండిలో యాడన్నా నూనె ఉంటాదా?"

మనిషికి రక్తం చల్లబడడం అంటారే, అది నాకు ఆ మెట్ల దగ్గర, మంచి ఎండలో జరిగింది. భాయ్ బొటనవేలూ చూపుడువేలూ కళ్ళ ముందు కదిలాయి. చెప్పలేకపోయాను. ఇంజనులో ఉంటుందిలే, చూద్దాం అన్నాను. నిజం కూడా పూర్తిగా ఇవ్వలేదు చూడండి, అందులోనూ కోత.

సోమవారం అయిదున్నరకు, ఆమె రానన్నా, కారు ఆమె ఇంటి ముందు ఆపాను. రాత్రంతా బయట మంచులో ఉన్న కారు. డిక్కీ మీద నా బరువంతా వేసి నొక్కాను. గోడను నొక్కినట్టుంది. అక్క స్వెటరు వేసుకుని గడప దగ్గరికి వచ్చి నిలబడింది. నీళ్ళు కాచుకునే బిందె అడిగాను. ఎందుకని అడగకుండా పొయ్యి వెలిగించింది. కాగిన నీళ్ళు చెంబుతో, రోడ్డు మీద బోర్లా పడుకుని, కుడివైపు షాకబ్జరు గొట్టం మీద పోస్తూ పోయాను. చొక్కా తడిసింది, మోచేయి కాలింది. బిందె ఖాళీ అయ్యాక లేచి కుడివైపు నొక్కాను. దిగింది. ఎడమవైపు నొక్కాను. దిగలేదు. మళ్ళీ కుడి. దిగింది.

పదిహేడు రోజులు, ముగ్గురు నిపుణులు, ఒక బిందె వేణ్ణీళ్ళు.

అప్పుడు చెప్పాను, షట్టరు నూనె సంగతి. రెండు వందల నలభై సంగతి. అక్క లోపలికి పోయి చెప్పులు వేసుకుని వచ్చి, ఎదురింటి తలుపు తట్టి బాడుగ కారు మాట్లాడుకుంది. నాకేసి చూడకుండా ఎక్కి నంద్యాల పోయింది. నేను నా కారులో వెనకాలే పోయాను, అప్పు తీర్చనివాడి వెంట పోయినట్టు.

ఆమె చికిత్సకు లోపలికి పోయాక నేను తిన్నగా భాయ్ షెడ్డుకు పోయాను. ఎవరి మీదనైనా అరవాలి. నా మీద నేను అరుచుకుంటే చూసేవాళ్ళకు బాగుండదు. పనికిరాని నూనె అని తెలిసీ ఎట్లా పోశావు, పొయ్యనని చెప్పలేవా, నీ పనికి ఒక మర్యాద లేదా అని రోడ్డు మీద నుంచే మొదలుపెట్టాను. ఆయన నేను అయిపోయేదాకా ఆగాడు. తర్వాత స్టూలు ఎక్కి, పై అరలోంచి ఒక డబ్బా తీసి నా ముందు పెట్టాడు. నా డబ్బా. మిగిలిన పావు వంతు నూనె అట్లాగే ఉంది, మూత మీద దుమ్ము. పక్కన సుద్దముక్కతో ఆళ్లగడ్డ అని రాసి ఉంది.

"మీ సరుకు గదన్నా. వస్తారని పెట్టినా," అన్నాడు. "పొయ్యనంటే ఆరోజు మీరు కూలి గూడా ఇయ్యకుండా పోతాంటిరి. ఇంట్లో పొయ్యి వెలగాల గదా."

ఎనిమిది నెలలు ఆ మనిషి నా నూనెను ఒక చుక్క ముట్టకుండా దాచాడు. నేను ఆయన దొంగిలిస్తాడని రెండు గంటలు కాపలా కాశాను. నాకు నోరు రాలేదు. కానీ కొత్త షాకబ్జర్ల జత, బిగింపు కూలితో ముప్పై తొమ్మిది వందలు అని ఆయన చెప్పగానే వచ్చింది. యాభై తగ్గించమన్నాను. ఆయన నన్ను చాలాసేపు చూసి తగ్గించాడు. దీనికి నా దగ్గర సంజాయిషీ లేదు.

డాక్టరు కార్డు చూసి, ఇందులో ఏడుందే, ఎనిమిదుందే, మరి మొద్దు మడమ దాకా ఎట్లా వచ్చిందని అడిగాడు. అక్క నా వైపు చూపించింది. ఆయన కార్డు చించేసి కొత్తది ఇచ్చాడు, లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు. నలభై రోజులు అక్క బాడుగ కారులోనే పోయింది. కొత్త షాకబ్జర్లు వేయించానని నేను ఎంత చెప్పినా నా కారు ఎక్కలేదు. మడమ మొద్దు పోయింది. ఆపరేషన్ ప్రస్తుతానికి తప్పింది. ప్రస్తుతానికి అన్నది డాక్టరు మాట, నేను కోయడం లేదు.

ఇక బిల్లు. కొత్త షాకబ్జర్లు ఎప్పటికైనా కొనాల్సినవే, వాటిని ఇందులో వేయడం న్యాయం కాదు. అక్క బాడుగ కారు నేను అడ్డుపడకపోయినా ఉండేదే, అదీ వేయను. మే నెలలో భాయ్‌కి ఇచ్చి వృథా చేసిన కూలి ఆరు వందల అరవై. అమరిక ఏడు వందల యాభై. స్పాంజి దిండు ఆరు వందల యాభై. రబ్బరు బుష్‌లు రెండు వేల మూడు వందలు. పనికిరాకుండా పోయిన పదిహేడు రోజుల చికిత్స, రోజుకు రెండు వందల యాభై చొప్పున నాలుగు వేల రెండు వందల యాభై, అక్క ఇచ్చింది, నేను తిరిగి ఇచ్చాను. ఆ పదిహేడు రోజుల పెట్రోలు, రోజుకు అయిదు వందల యాభై చొప్పున తొమ్మిది వేల మూడు వందల యాభై. మొత్తం పదిహేడు వేల తొమ్మిది వందల అరవై. అక్క ఎడమకాలి బొటనవేలి కొస ఇంకా మొద్దుగానే ఉంది. దానికి ధర వేయమని అడిగితే ఆమె చెప్పలేదు, నేను వేయను.

మిగిలించింది రెండు వందల నలభై అని ఇన్నాళ్ళూ చెప్పుకున్నాను. అదీ తప్పే. డబ్బా నాకు నూట ఎనభై పడింది. షాకబ్జర్లలోకి పోయింది ముప్పావు డబ్బా, అంటే నూట ముప్పై అయిదు. మిగిలించింది నూట అయిదు రూపాయలు.